ముందు గొంతు, తర్వాతే బ్యాండ్

రాత్రి పదకొండింటికి ల్యాబ్ రికార్డు రాసుకుంటూ ఏదో ఒక 'ఫోకస్' ప్లేలిస్టు పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాలుగైదు పాటలయ్యాక అల్గారిథం తనకిష్టమొచ్చిన చోటికి తీసుకెళ్తుంది. నన్నయితే ఐర్లాండ్, స్కాట్లాండ్ వైపు తీసుకెళ్ళింది. ఒక్క ముక్క అర్థం కాని భాషలో ఒకామె పాడుతుంది, వెనక ఫిడేలు, వేణువు. రికార్డు పక్కన పెట్టి వినేస్తాం. నాకలా దొరికిన వాళ్ళు జూలీ ఫౌలిస్, క్లానాడ్, కేపర్‌కేలీ. తర్వాత వెతుక్కుంటే డబ్లిన్ నుంచి లాంకమ్, బెల్‌ఫాస్ట్ నుంచి ఐరిష్ భాషలో ర్యాప్ చేసే నీక్యాప్, కోర్నిష్ భాషలో పాడే గ్వెన్నో దొరికారు. యాప్‌లో వీళ్ళలో సగం మంది మీద 'కెల్టిక్ ఫోక్' అనే లేబుల్ ఉంటుంది.

మన క్లబ్‌లో ఈ పాటలు వినే వాళ్ళు ఇంకొంతమంది ఉన్నారని తెలుసు. పోయిన సెమ్‌లో ఒక మీటింగ్‌లో 'మనం కూడా ఇలాంటి ఫ్యూజన్ బ్యాండ్ పెడదాం, మన జానపదాలు తీసుకుందాం' అని మాట వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మంచి ఆలోచనే. కానీ ఆ ఆలోచనని మనం తోక వైపు నుంచి పట్టుకున్నాం అని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ దేశాల్లో బ్యాండ్లు చివర్న వచ్చాయి. వాటికంటే ముందు కొన్ని బోరు కొట్టే పనులు జరిగాయి. అవి జరిగాయి కాబట్టే ఈ రోజు మన హాస్టల్ రూముల దాకా ఆ పాటలు వచ్చాయి.

అసలు 'కెల్టిక్' అంటే ఒక్క భాష కాదు. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్, వెల్ష్, బ్రెటన్, కోర్నిష్ అని ఆరు భాషలున్నాయి. అన్నీ ఇంగ్లీషో ఫ్రెంచో పక్కన కూర్చుని ఊపిరాడక బతికిన భాషలే. బళ్ళో సొంత భాష మాట్లాడితే పిల్లల్ని శిక్షించిన చరిత్ర కూడా వాటికి ఉంది. కోర్నిష్ అయితే 18వ శతాబ్దం చివరికే మాతృభాషగా మాట్లాడే వాళ్ళు దాదాపు లేకుండా పోయింది. అలాంటి భాషలో గ్వెన్నో 2018లో ఒక ఆల్బమ్ మొత్తం పాడింది. క్లానాడ్ వాళ్ళ సంగతి ఇంకా ముందుది. ఐర్లాండ్‌లో డొనెగల్ ప్రాంతంలో ఒక పల్లెటూరి కుటుంబం వాళ్ళది. అన్నదమ్ములు, అక్క, ఇద్దరు మామలు కలిసి 1970లో మొదలుపెట్టారు. 1982లో వాళ్ళు ఒక టీవీ సీరియల్‌కి ఐరిష్‌లో పాడిన పాట బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానం దాకా వెళ్ళింది. ఇంగ్లీషు వాళ్ళ గడ్డ మీద, ఇంగ్లీషు కాని భాషలో!

ఇవి వింటే మనకి సినిమా కథలాగా గూస్‌బంప్స్ వస్తాయి. కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ హిట్ పాటలు కాదు, ఒక పని పాట.

స్కాట్లాండ్ పడమటి దీవుల్లో ఉన్ని బట్ట నేశాక దాన్ని తడిపి, పొడవాటి బల్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, గంటల కొద్దీ బల్లకేసి కొట్టేవాళ్ళు. అలా కొడితేనే బట్ట దగ్గరపడి చలిని ఆపుతుంది. చేతులు ఒక్కసారే పడాలి కాబట్టి పాట పాడేవాళ్ళు. ఒకామె ఒక చరణం అందుకుంటే మిగతా వాళ్ళు పల్లవి. ఆ పల్లవిలో చాలాసార్లు అర్థం ఉన్న మాటలుండవు, మన 'సువ్వి', 'ఉయ్యాలో' లాగా ఉత్త ఊత పదాలు. 1992లో కేపర్‌కేలీ బ్యాండ్ ఇలాంటి ఒక పాత పని పాటని గిటార్, డ్రమ్స్‌తో చేస్తే అది బ్రిటన్ టాప్ 40లోకి వెళ్ళింది. గేలిక్ పాట ఒకటి అక్కడి దాకా వెళ్ళడం అదే మొదటిసారి.

మా ఊరు వెలుగోడు. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఈ పాటలు మా జేజికి వినిపించా. మొదట పెట్టింది ఏ వాయిద్యం లేకుండా పాడే ఐరిష్ పాట. రెండు నిమిషాలు విని, 'ఏందిరా ఇది, పాడతాందా ఏడుస్తాందా?' అంది. తర్వాత బల్లకేసి కొట్టే పాట పెట్టా. ఏం పని, ఏ దేశం, ఏమీ చెప్పలేదు. జేజి బియ్యం చేటలో ఏరుతోంది. కాసేపటికి ఆమె చేయి పాట లెక్కకి పడటం మొదలైంది. 'ఇది పని పాట గదరా. ఒకామె సెప్తాంది, మిగిలినోళ్ళు అందుకుంటాండారు. నాట్లప్పుడు మేమూ ఇట్లనే' అంది. గేలిక్ గురించి నేను నెట్‌లో గంటసేపు చదివితే తెలిసిన విషయం, ఆమెకి ఒక్క నిమిషంలో చేతికి తెలిసిపోయింది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. అక్కడ ఆ పని ఎప్పుడో ఆగిపోయింది. గత శతాబ్దం మధ్య నాటికే బట్టని బల్లకేసి కొట్టే అవసరం పోయింది, యంత్రాలు వచ్చాయి. లెక్క ప్రకారం పనితో పాటు పాట కూడా పోవాలి. పోలేదు. ఎందుకు పోలేదంటే, పని పూర్తిగా పోకముందే కొంతమంది వెళ్ళి రాసుకున్నారు, రికార్డు చేసుకున్నారు. మార్గరెట్ ఫే షా అని ఒక అమెరికన్ అమ్మాయి 1929లో సౌత్ ఉయిస్ట్ అనే దీవికి వెళ్ళి, ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఇంట్లో దాదాపు ఆరేళ్ళు ఉండి, వాళ్ళ పాటలు స్వరాలతో సహా రాసుకుంది. 1951లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో స్కాటిష్ స్టడీస్ స్కూల్ పెట్టి టేపు రికార్డర్లతో ఊరూరా తిరిగారు. ఆ టేపుల్లో వేల కొద్దీ ఇప్పుడు 'టోబర్ ఆన్ డువల్‌కిస్' అనే వెబ్‌సైట్లో ఉన్నాయి. ఎవరైనా వినొచ్చు. ఒక్కో పాట పక్కన పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ, రికార్డు చేసిన వాళ్ళ పేరు ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే మెటాడేటా. ఈ రోజు ఒక కుర్ర సింగర్ కొత్త ఆల్బమ్ చేయాలంటే ఆ టేపులు వింటుంది, ఏ ఊరి ఏ అవ్వ దగ్గర్నుంచి ఈ పాట వచ్చిందో చెప్పి పాడుతుంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం.

మన దగ్గర సేకరణ జరగలేదని కాదు. జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషాయన 1874లోనే 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో తెలుగు వీరగాథల మీద వ్యాసం రాశాడు. సర్వాయి పాపడి పాట అలాగే అచ్చుకెక్కింది. తర్వాత బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాల మీద పెద్ద పరిశోధన చేసి పుస్తకం వేశారు. ఇంకా ఎందరో చేశారు. మన నంద్యాల జిల్లాకి చెందిన ఇద్దరు మనుషులు పాటల వల్లే బతికారు. ఒకరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846లో కంపెనీ మీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీయబడ్డాడు. ఇంకొకరు అదే ఉయ్యాలవాడకి చెందిన బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో గంజి కేంద్రాలు పెట్టి వేల మందికి అన్నం పెట్టాడు. ఒకరు కత్తి పట్టారు, ఒకరు గరిటె పట్టారు. రేనాడు జనం ఇద్దరినీ పాటలో పెట్టుకున్నారు. నరసింహారెడ్డి మీద 2019లో 'సైరా' సినిమా వచ్చేదాకా మన తరానికి ఆ పేరు తెలీదు గానీ, మన తాతల తరానికి సినిమా అవసరం లేకుండానే తెలుసు.

కాకపోతే పుస్తకంలో పాట అంటే మాటలే. వరస ఉండదు, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో ఉండదు, 'అందుకునే' వాళ్ళ గొంతులు ఉండవు. రికార్డింగులు ఎక్కడో యూనివర్సిటీ బీరువాల్లో, రేడియో స్టేషన్ల టేపుల్లో ఉండొచ్చు. కానీ వెలుగోడులో కూర్చుని ఫోన్లో సౌత్ ఉయిస్ట్ అవ్వ 1950ల్లో పాడిన పాట నేను వినగలిగాను. వెలుగోడు అవ్వ పాడింది వెతికితే దొరకలేదు. అక్కడికీ ఇక్కడికీ ఉన్న తేడా ఇంతే, ఇదే పెద్దది.

'యూట్యూబ్‌లో ఫోక్ సాంగ్స్‌కి కోట్ల వ్యూస్ వస్తున్నాయి, పాట ఎక్కడ చచ్చింది?' అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. మన ఫెస్ట్‌లో డాన్స్ కట్టేది ఆ పాటలకే, నాకూ ఇష్టమే. కొత్త పాటలు రావాలి కూడా. కానీ రెండు విషయాలు గమనించండి.

మొదటిది, అందులో సీమ గొంతు ఎంత? తెలంగాణలో పాటకి ఒక ఉద్యమం తోడైంది. గద్దర్, గోరటి వెంకన్న, అందెశ్రీ లాంటి వాళ్ళని జనం వేదికలెక్కించి విన్నారు. వెంకన్నకి 2021లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైంది. పాట అంటే పరువు అనే భావం అక్కడ వచ్చింది. మంగ్లీ మన అనంతపురం జిల్లా తండా అమ్మాయి. తిరుపతిలో సంగీతం చదువుకుంది. ఆమెకి పేరొచ్చింది మాత్రం హైదరాబాద్ వెళ్ళి, తెలంగాణ యాసలో మాట్లాడి, పాడాక. ఇందులో ఆమె తప్పేమీ లేదు, వేదిక ఎక్కడుంటే గొంతు అక్కడికెళ్తుంది. మన యాస సినిమాల్లో వినిపించేది ఎక్కువగా సుమోలు పేలే ముందు. 2018లో 'కృష్ణార్జున యుద్ధం' కోసం పెంచల్ దాస్ రాసి పాడిన 'దారి చూడు' వచ్చినప్పుడు మా ఊర్లో ఆటోల నుంచి పెళ్ళిళ్ళ దాకా అదే మోగింది. మన యాసలో కత్తి లేని పాట విని జనం ఎంత సంతోషపడ్డారో అప్పుడు చూశా. ఆకలి ఉంది. వడ్డించే వాళ్ళే తక్కువ.

రెండోది, పాట వెనకాల మనిషి. 2021లో 'సారంగదరియా' దుమ్ము రేపినప్పుడు, ఆ జానపదాన్ని మొదట సేకరించింది ఎవరు, పేరు ఎవరికి రావాలి అని టీవీల్లో పెద్ద చర్చ నడిచింది. ఎవరిది న్యాయం అని నేను తీర్పు చెప్పను. మొదట పాడించుకున్న రోజునే ఊరు, పేరు, తేదీ అందరికీ కనపడే చోట రాసి ఉంటే ఆ చర్చకి సగం అవసరం ఉండేది కాదు. మనం గిట్‌లో ఒక్క లైను మార్చినా ఎవరు మార్చారో లాగ్‌లో పడాలంటాం. పాట విషయానికొస్తే మాత్రం 'సాంప్రదాయం' అని ఒక్క మాట రాసి వదిలేస్తాం. సాంప్రదాయానికి నోరుండదు, మనుషులకే ఉంటుంది.

ఆ మనుషులు ఎవరన్నది కూడా మాట్లాడుకోవాలి. స్కాట్లాండ్‌లో ట్రావెలర్స్ అని సంచార జనం ఉన్నారు. ఊళ్ళవాళ్ళు వాళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళు. 1953లో హేమిష్ హెండర్సన్ అనే సేకర్త అబర్డీన్‌లో జీనీ రాబర్ట్‌సన్ అనే ట్రావెలర్ మహిళ ఇంటి తలుపు కొట్టాడు. ఆమె దగ్గర గాథలు కుప్పలుగా దొరికాయి. పదిహేనేళ్ళకి, 1968లో, ఆమెకి ప్రభుత్వ పురస్కారం వచ్చింది. మన నల్లమలకి అవతలి పక్క, కృష్ణ దాటితే, దర్శనం మొగులయ్య గారు ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ చెప్పే డక్కలి కళాకారుడు. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో మనందరికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నాడని పేపర్లలో ఫోటోలతో వార్త వచ్చింది. అంటే పాట వైరలయింది, పతకం వచ్చింది, అయినా పూట గడవడం పూటకే మిగిలింది. దాసర్లు, జంగాలు, డక్కలివాళ్ళు, చెంచులు, మాల మాదిగ పేటల డప్పు కళాకారులు - వీళ్ళ పాటని 'మన సంస్కృతి' అని స్టేజీ మీద చెప్పి, పాడిన మనిషిని స్టేజీ కింద నిలబెట్టే ఫ్యూజన్ బ్యాండ్ నాకొద్దు.

మరి ఏం చేద్దాం? మళ్ళీ ఆ దీవుల నుంచే ఒక విషయం. బర్రా అని ఒక బుల్లి దీవి, జనాభా వెయ్యి పైచిలుకు. మన వెలుగోడు ఒక్క మండలంలోనే అంతకి ఎన్నో రెట్లు మనుషులున్నారు. పిల్లలకి పాట రావడం లేదని అక్కడి వాళ్ళు 1981లో ఒక పండగ లాంటి శిబిరం పెట్టారు. దాని పేరు 'ఫేష్'. పిల్లలకి పాట, ఆట, వాయిద్యం నేర్పడమే పని. అది చూసి మిగతా ఊళ్ళు మొదలుపెట్టాయి. ఇప్పుడు స్కాట్లాండ్ అంతటా పదుల సంఖ్యలో జరుగుతాయి. ప్రభుత్వం వస్తుందని ముందు ఎదురుచూడలేదు.

మనకి ఇలాంటి ఏర్పాటు లేదా అంటే ఉంది. కనుమ రోజు అహోబిలం నుంచి పారువేటకి బయల్దేరే స్వామి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ నలభై రోజుల పైన తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు ఊరికొచ్చాడని ఊరూరా భజనలు, కోలాటాలు. పీర్ల పండక్కి గుండం చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి పాడే పాటలున్నాయి. చెక్కభజన గురువుని పిలిపించి నెలల తరబడి పిల్లలకి నేర్పించుకునే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అంటే గుడి చుట్టూ, పీర్ల చావిడి చుట్టూ ఉన్న పాటకి ఇంకా వేదిక ఉంది. పొలం పాటకే లేదు. కలుపు మందు కొడితే కలుపు పాట ఎవరు పాడతారు? మా ఊర్లో నాట్లకొచ్చే కూలోళ్ళు ఇప్పుడు గట్టు మీద బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుంటారు. వాళ్ళని తప్పు పట్టను. నడుం వంచి రోజంతా నాటు వేసే మనిషికి ఏ పాట కావాలో మనం చెప్పకూడదు. కానీ పాత పాట తెలిసిన చివరి తరం అరవై, డెబ్భై ఏళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళని అడగాల్సింది ఇప్పుడే.

నేను రెండు సెలవుల్లో జేజి చేత, ఆమె స్నేహితుల చేత పదకొండు పాటలు పాడించి ఫోన్లో రికార్డు చేశా. అందులో తెలిసిన కొన్ని విషయాలు మీకు పనికొస్తాయి.

'పాట పాడు జేజీ' అంటే పాట రాదు. చేతికి పని ఉండాలి. చెనక్కాయలు వలుస్తుంటే వచ్చింది, జొన్నలు చెరుగుతుంటే వచ్చింది. ఫ్యాన్ ఆపాలి, మిక్సీ ఆపాలి, పాటని మధ్యలో ఆపకూడదు. ఇంకోటి, నేను ఎక్సెల్ షీట్‌లో 'ఊరు: వెలుగోడు' అని రాస్తుంటే జేజి ఒప్పుకోలేదు. 'ఈ పాట ఈడిది కాదు, నేను ఆళ్ళగడ్డ తట్టు మా అమ్మగారి ఊర్లో నేర్సుకున్యా. ఆ ఊరే రాయి' అంది. ఆడవాళ్ళ పాటలు పెళ్ళితో పాటు ఊళ్ళు మారతాయని నాకు ఆ మాటతో అర్థమైంది. అందుకే షీట్‌లో పాడిన ఊరు, నేర్చుకున్న ఊరు అని రెండు కాలమ్‌లు ఉండాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పనికి పాడేవాళ్ళు అన్నవి ఇంకో రెండు. చివరి కాలమ్ అన్నిటికంటే ముఖ్యం: నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారా లేదా. ఒకామె చావు పాట ఒకటి పాడి, 'ఇది మాత్రం ఎవురికీ ఇనిపియ్యొద్దు' అంది. అది ఎవరికీ వినిపించను.

మన క్లబ్‌కి నా ప్రతిపాదన చాలా చిన్నది. ఈ సంక్రాంతికి ఇళ్ళకెళ్ళే వాళ్ళం ఒక్కొక్కరం ఒక్క పాట తెద్దాం. జేజి కావచ్చు, పక్కింటి అవ్వ కావచ్చు, ఊరి దాసరి కావచ్చు. పేరు, ఊళ్ళు, తేదీ, అనుమతితో. సీఎస్ వాళ్ళం వెబ్‌సైట్ చూసుకుంటాం, అది వారాంతం పని. ఈసీఈ వాళ్ళు ఆడియో శుభ్రం చేయడం చూసుకోండి, మీకది సిలబస్సే. వారానికి ఒక సాయంత్రం క్లబ్ రూములో ఆ పాటల్లో ఒకటి నేర్చుకుందాం, మైక్ లేకుండా. రికార్డు చేసిన పాటని స్టేజీ మీద వాడుకుంటే పాడిన మనిషికి చెప్పి వాడదాం, డబ్బులొస్తే వాటా పంపుదాం, ఫెస్ట్‌కి పిలిస్తే ముందు వరసలో కుర్చీ వేద్దాం.

ఒక ఏడాది ఇది చేశాక బ్యాండ్ పెడదాం. అప్పటికి ఏ పాటకి గిటార్ కావాలో, ఏ పాటకి వద్దో మన చెవులకే తెలుస్తుంది. మన వెలుగోడు రిజర్వాయర్లో ఆగిన కృష్ణ నీళ్ళు కాలవలు పట్టుకుని చెన్నై దాకా పోతాయి. ఎవరో కాలవ తవ్వారు కాబట్టి పోతాయి. ముందు ఒక గజం తవ్వుదాం. పేర్లు ఇచ్చే వాళ్ళు ఈ నెలాఖరు లోపు క్లబ్ గ్రూపులో ఇవ్వండి. నా పదకొండిట్లో పది పాటలు తయారుగా ఉన్నాయి.